పరుల గుట్టు

ధ్యానమునకు: లేవీయకాండము 19:16, సామెతలు 11:13, అపొస్తలుల కార్యములు 23:16-22



ఆఫీసులనుండి వచ్చు కొన్ని కవరులమీద "కాన్ఫిడెన్షియల్" అని ముద్ర యుండుట మీలో అనేకులు చూచియుందురు. ముద్ర లేని కవరును ఎవరును పట్టించుకొనరు. ముద్ర యున్న కవరు వచ్చెనా, దానిలో ఏమున్నదో తెలియువరకు వీధికి నిద్రపట్టదు. ఆ మాట పుట్టినది లాటిను భాషలో. నమ్ముట, ఒకరిమీద భరోసా ఉంచుట అనునది దాని మూలార్థము. మనము విశ్వాసము అని చెప్పుకొను మాటకు అది దగ్గరి చుట్టమే. పత్రికలవారు దీనిని "గోప్యత" అని వ్రాయుచున్నారు. అది సంస్కృతమునుండి వచ్చినది. గుప్ అను ధాతువునకు రక్షించుట అని అర్థము. అనగా ఆ మాటలో దాచుటకంటె కాపాడుట ముందున్నది.

మన యూళ్లలో గోప్యత అని ఎవరందురు? మనది "గుట్టు". సామెతలు 11:13 లోను 25:9 లోను మన తెలుగు బైబిలువారు ఈ మాటనే వాడిరి. మంచి పని చేసిరి. ఈ మాటను మన జనులు వాడు రీతి గమనించదగినది. "వారు గుట్టుగా సంసారము చేసికొనుచున్నారు" అన్నప్పుడు అది మెచ్చుకోలు. "వారి గుట్టు రట్టాయెను" అన్నప్పుడు అవమానము. "అతడు గుట్టు మనిషి" అన్నప్పుడు మెచ్చుకోలా నిందయా తేలదు. కొంచెము అనుమానము కలిసియున్నది. ఒకే మాటలో మర్యాదయు, సిగ్గును, అనుమానమును ఉన్నవి గనుక దానిని వాడుటలో మనము తడబడుచున్నాము. దాచవలసినది చెప్పుచున్నాము, చెప్పవలసినది దాచుచున్నాము.

గుట్టు నిలుపుట అనగా నేమో ధర్మశాస్త్రములోని వేరొక విధినిబట్టి తెలిసికొనవచ్చునని నాకు తోచుచున్నది. నిర్గమకాండము 22వ అధ్యాయములో ఒకడు తన సొమ్మును పొరుగువానియొద్ద దాచియుంచుటనుగూర్చి విధులున్నవి. మనలోను ఇది కద్దు. ఒక సహోదరి ఆపరేషనుకొరకు పట్టణపు ఆస్పత్రికి వెళ్లుచు, తన రెండు గాజులు, చెవికమ్మలు గుడ్డలో మూటగట్టి పొరుగింటి అక్కకు అప్పగించును. ఆ మూట అక్క పెట్టెలో నున్నది. తాళపుచెవి అక్క కొంగున నున్నది. అయినను ఆ సొమ్ము అక్కది కాదు. ఆమె దానిని పెండ్లికి పెట్టుకొని పోకూడదు. ఎవరికైనను తెరచి చూపి, "చూడుడి, దానియొద్ద ఇంతే యున్నది" అనకూడదు. మంచి ఉద్దేశముతోనైనను తాకట్టు పెట్టకూడదు. ఒకరు మనకు చెప్పుకొనిన సంగతియు ఇట్టిదే. అది మన చెవిలో పడినంతమాత్రమున మనది కాలేదు, చెప్పినవారిదే. దానిని ఎప్పుడు, ఎవరికి, ఎంత చెప్పవలెనో నిర్ణయించు హక్కు వారిదే.

గుట్టు అనగానే మనవారు వ్యభిచారమో దొంగతనమో అనుకొందురు. మన గ్రామములలో జనులు నిజముగా దాచుకొనునవి అవి కావు. అప్పు దాచుకొందురు. క్షయరోగపు మాత్రలు దాచుకొందురు. అత్తవారింటినుండి తిరిగివచ్చిన కూతురు "పండుగకు వచ్చినది" అని చెప్పుకొందురు. కుమారుడు పట్నములో చదువు మానివేసి హోటలులో పనిచేయుచున్నాడని చెప్పుకొనరు. వీటిలో పాపమేమి? ఇవి బలహీనులు కప్పుకొనిన దుప్పటివంటివి, అంతే. చలిలో నున్నవాని దుప్పటి లాగువాడు, "నేను సత్యమే బయటపెట్టితిని" అని చెప్పుకొనిన ఎవరు మెచ్చుదురు? నోవహు గుడారములో హాము చెప్పినది అబద్ధము కాదు. తాను చూచినదే చెప్పెను. అయినను వాక్యము వెనుకకు నడచి వస్త్రము కప్పిన ఇద్దరి పక్షముననే యున్నది.

ఇప్పుడు ఇంటి సంగతికి వత్తును. మన సంఘములలో పరుల గుట్టు ఎక్కువగా బయటపడునది కల్లుపాకయొద్ద కాదు, నీళ్ల పంపుయొద్దను కాదు. ప్రార్థన కూటములో! "మన దక్షిణపు వీధి సహోదరి కుమార్తెనుగూర్చి ప్రార్థించుడి, పేరు చెప్పను, సంసారము సరిగా లేదు" అని ఒకరు మనవి చేయుదురు. దక్షిణపు వీధిలో మన విశ్వాసుల ఇండ్లు నాలుగు. వాటిలో పెండ్లియైన కుమార్తె యున్న ఇల్లు ఒకటి. పేరు చెప్పలేదు గనుక తప్పు లేదనుకొని అందరును కన్నులు మూసికొందురు. ఆమేన్ అనుటకు ముందే సగముమందికి కథ తెలిసిపోవును, మిగిలిన సగము దారిలో తెలిసికొందురు. నేడు సంఘపు వాట్సాప్ గ్రూపులో ఇది మరి త్వరగా జరుగుచున్నది. ఆస్పత్రి మంచముమీద, ముక్కులో గొట్టముతో, సగము కప్పబడిన దేహముతో నున్న మనిషి ఫొటో తీసి "అత్యవసర ప్రార్థన" అని పెట్టుచున్నారు. ఆ మనిషికి తెలివి వచ్చిన తరువాత ఆ ఫొటో ఎంతమంది ఫోనులలో నున్నదో ఎవరు లెక్కచెప్పగలరు?

ప్రార్థించకుండ ఎట్లు, అని మీరడుగవచ్చును. మత్తయి 6వ అధ్యాయములో ప్రభువు ప్రార్థననుగూర్చి చెప్పిన రెండు సంగతులను కలిపి చదువుడి. తండ్రి రహస్యమందు చూచువాడు. మనము అడుగకమునుపే మన అక్కరలు ఆయనకు తెలియును. అట్లయిన ప్రార్థనలో వివరములు ఎవరికొరకు? దేవునికి అక్కరలేదు. "ప్రభువా, నీకు తెలిసిన ఒక బిడ్డను జ్ఞాపకము చేసికొనుము" అనిన ఆయనకు చాలును. మనకు చాలదు, అదే చిక్కు.

ప్రభువు తానే ఈ విషయములో ఎట్లు నడిచెనో చూడుడి. సమరయ స్త్రీ జీవితమంతయు ఆయనకు తెలియును. ఆమె అయిదుగురు పెనిమిట్ల సంగతి ఆయన ఎత్తిన వేళకు శిష్యులు అక్కడ లేరు. ఆహారము కొనుటకు ఊరిలోనికి వెళ్లియుండిరి. వారు తిరిగివచ్చిన తరువాత ఆయన వారికి పండిన పొలములనుగూర్చి చెప్పెనుగాని ఆమె సంసారమునుగూర్చి ఒక్క మాటయు చెప్పలేదు. ఊరివారికి చెప్పినది ఎవరు? ఆమెయే. తన కుండ విడిచిపెట్టి పోయి తన నోటనే చెప్పెను. ఆయన ఆమె గుట్టును విప్పి ఆమె చేతికే ఇచ్చెను. కడపటి రాత్రి యూదా విషయము మరింత ఆశ్చర్యము. డబ్బు సంచిలోనిది అతడు తీసికొనుచుండెనని యోహాను 12:6 చెప్పుచున్నది. అయినను ఆ రాత్రి అతడు లేచి వెళ్లినప్పుడు, పండుగకు ఏదో కొనుటకో బీదలకు ఇచ్చుటకో వెళ్లుచున్నాడని తోటి శిష్యులనుకొనిరి. మూడు సంవత్సరములు ఒకే పంక్తిని భుజించినవారికి యూదామీద అనుమానము కలుగలేదనిన, ప్రభువు తన ముఖమునందైనను దానిని కనబడనియ్యలేదన్నమాట.

అయితే రక్తస్రావముగల స్త్రీని ఆయన జనసమూహములో ఎందుకు పిలిచెను? ఆమె గుట్టుగా వచ్చి గుట్టుగా పోదలచెను గదా. ఇది కఠినమైన ప్రశ్న. నాకు తోచినది చెప్పుచున్నాను. ఆమె స్వస్థతయు గుట్టుగానే యుండిన యెడల ఊరు ఆమెను అపవిత్రురాలనియే యెంచుచుండును. పండ్రెండేండ్లుగా ఆమెను వెలిగా ఉంచినది ఊరు. ఆ ఊరు ఆమె బాగుపడుట వినవలెను. ఆయన ఆమెను కుమారీ అని పిలిచి సమాధానముతో పంపెను. అదే ప్రభువు మార్కు 7వ అధ్యాయములో చెవిటివానిని జనులలోనుండి ఏకాంతముగా తీసికొనిపోయెను. ఒకరిని బయటికి, ఒకరిని ప్రక్కకు! రెండు చోట్లను కొలత ఆ మనిషి మేలే.

ఇక లేవీయకాండము 19:16. ఈ వచనమునకు రెండు సగములున్నవి. మొదటి సగము కొండెములాడుచు తిరుగుటను మాన్పుచున్నది. రెండవ సగము పొరుగువాని రక్తమునుగూర్చినది. హెబ్రీ మూలములో అది పొరుగువాని రక్తముమీద నిలువవద్దు అను రీతిగా నున్నది. పొరుగువానికి ప్రాణాపాయము కలిగినప్పుడు చూచుచు ఊరకుండరాదని యూదుల బోధకులు పూర్వమునుండి దీనికి అర్థము చెప్పిరి. నోరు మూసికొమ్మనుటయు, ఊరకుండవద్దనుటయు ఒకే వచనములో! దేవుడు వీటిని ప్రక్కప్రక్కన పెట్టుట ఊరక జరిగినది కాదని నా నమ్మిక. మొదటి సగము మాత్రమే చదివినవారు మౌనము పేరిట పిరికివారగుదురు. రెండవది మాత్రమే చదివినవారు న్యాయము పేరిట కొండెగాండ్రగుదురు.

గాజుల మూట యొద్దకు మరల రండి. అక్క ఆ మూట విప్పగా అందులో తన సహోదరి గాజులు కాక, మరి యెవరిదో దొంగసొమ్ము కనబడినదనుకొనుడి. లేక నీళ్ల కడవలో కలుపుటకు ఉంచిన విషమున్నదనుకొనుడి. అప్పుడును "నమ్మి ఇచ్చినది గనుక దాచెదను" అని ఆమె పెట్టెకు తాళము వేయవలెనా? అప్పగింత అనునది అప్పగించినవాని సొంత సొమ్ముకే చెల్లును. మరియొకని ప్రాణము అతని సొమ్ము కాదు. అతడు చేసినదానినిగూర్చిన సిగ్గు అతనిది. దానివలన నేటికిని గాయపడుచున్న బిడ్డ అతనిది కాదు.

బిడ్డ అని ఊరక వ్రాయలేదు. పోక్సో అని వాడుకలోనున్న 2012 నాటి చట్టమును ప్రతి సంఘపెద్దయు, సండేస్కూలు ఉపాధ్యాయుడును, హాస్టలు వార్డెనును తెలిసికొనవలెను. పదునెనిమిది ఏండ్లు నిండని బిడ్డమీద లైంగిక దౌర్జన్యము జరిగినదని ఎరిగినవారు, జరుగునను భయము కలిగినవారు ఎవరైనను సరే, పోలీసులకు తెలియజేయవలెనని దాని 19వ సెక్షను ఆజ్ఞాపించుచున్నది. తెలుపనివానికి ఆరు నెలలవరకు జైలు గాని జుల్మానా గాని రెండును గాని విధింపవచ్చును. సంస్థను నడుపువాడు తన చేతిక్రిందివాని నేరమును తెలుపనియెడల ఒక సంవత్సరమువరకు. ఇందులో పాస్టరునకు మినహాయింపు లేదు. న్యాయవాదికి కక్షిదారుడు చెప్పిన మాటకును, భార్యాభర్తలు ఒకరితోనొకరు చెప్పుకొనిన మాటకును 1872 నాటి సాక్ష్యపు చట్టములో కాపుదల యుండెను. దాని స్థానమున 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమములోను ఉన్నది. పాదిరితో చెప్పుకొనిన ఒప్పుకోలుకు అందులోను లేదు, ఇందులోను లేదు. రోమను సభలో 1215 నాటి లాటెరను మహాసభనుండి ఒప్పుకోలు ముద్ర యను కట్టడ యున్నది. లూథరు వారును 1530 లోని ఆగ్స్‌బర్గు విశ్వాస ప్రమాణములో ఆంతరంగికమైన ఒప్పుకోలును నిలుపుకొనిరి. నేను వాటిని తేలికచేయను. పశ్చాత్తాపపడిన పాపికి చెప్పుకొనుటకు ఒక చోటు కావలెను. అయినను బిడ్డను చెరపినవాడు నాయొద్దకు వచ్చి ఏడ్చిన యెడల, అతనితోకూడ ఏడ్చి, అతనితోకూడ పోలీసు స్టేషనుకు నడచుటే నేనెరిగిన కాపరి పని. జక్కయ్య తన ఒప్పుకోలును నష్టపడినవారియొద్దకు తీసికొనిపోయెను గదా.

అదే చట్టము బిడ్డ పేరును, చిత్రమును, బడిని పత్రికలలో వేయరాదనియు విధించుచున్నది. పోలీసులకు చెప్పవలెను, వీధికి చెప్పకూడదు. ఈ భేదము గ్రహించిన యెడల మన తికమకలో సగము తీరును. చెప్పవలెనా వద్దా అను ప్రశ్నకంటె ఎవరికి చెప్పవలెనను ప్రశ్న మేలైనది. మత్తయి 18వ అధ్యాయములో ప్రభువు పెట్టిన వరుస ఇదే: మొదట నీవును అతడును ఏకాంతముగా, తరువాత ఒకరిద్దరు, ఆ తరువాతనే సంఘము. మనము ఈ నిచ్చెనను పైనుండి ఎక్కుచున్నాము. మొదట సంఘమంతటికి తెలియును, తరువాత ఇద్దరు ముగ్గురు పెద్దలకు, కట్టకడపట తప్పుచేసినవానికి.

ఇందువలననే, "అయ్యగారూ, ఎవరికిని చెప్పనని ముందుగా ప్రమాణము చేయుడి" అని అడుగువారికి నేను ప్రమాణము చేయను. విననిదానికి మాట యిచ్చుట యెఫ్తా మ్రొక్కుబడివంటిది, హేరోదు ఒట్టువంటిది. "నాయనా, అది నీ సొంత భారమైన యెడల నాతోకూడ సమాధిలోనికి వచ్చును. మరియొకరి ప్రాణము, పసిబిడ్డ క్షేమము అందులో నున్నయెడల నేను ఊరకుండలేను, నీకు చెప్పి, నీతోకూడ వచ్చి, చెప్పవలసినవారికి చెప్పుదును" అని ముందే తెలుపుదును. కొందరు అప్పుడు లేచి వెళ్లిపోవుదురు. వెళ్లనిండు. మోసపోయి చెప్పుటకంటె తెలిసి చెప్పకుండుట వారికి మేలు.

మన ఇండ్లు ఒక గది ఇండ్లు. గోడకావల దగ్గిన ఈవల వినబడును. సహోదరి యెవరైనను మాటలాడవలెనని వచ్చినప్పుడు మందిరపు వరండాయో వేపచెట్టు క్రిందనో మంచిది. అందరికి కనబడవలెను, ఎవరికిని వినబడకూడదు. అయినను స్త్రీలు ఎక్కువగా చెప్పుకొనునది అమ్మగారితోనే, అయ్యగారితో కాదు. అమ్మగారు ఆ సంగతులు అయ్యగారికి చెప్పవలెనా? చెప్పినవారు ఒప్పుకొననియెడల అక్కరలేదని నా అభిప్రాయము. భార్యాభర్తలు ఏకశరీరమని వ్రాయబడియున్నది గాని ఏకచెవి అని వ్రాయబడలేదు.

పెండ్లి విచారణ మరియొక చిక్కు. మనము మూడు ఆదివారములు పెండ్లి ప్రకటన చదివి, అభ్యంతరమున్నవారు చెప్పుడని బహిరంగముగా అడుగుదుము. ఆ ప్రకటనకు ముందు పెండ్లికూతురివారు పాస్టరునొద్దకు వచ్చి, "అయ్యగారూ, అబ్బాయి ఆరోగ్యము ఎట్లున్నది?" అందురు. తొమ్మిదిమంది అబ్బాయిలనుగూర్చి "బంగారము" అని చెప్పి పదియవవానినిగూర్చి ఊరకుండిన యెడల ఆ మౌనమే తప్పెట మ్రోత. కాబట్టి అందరినిగూర్చి ఒకే మాట చెప్పవలెను: "నడవడి నాకు తెలిసినంత చెప్పుదును. ఆరోగ్యము, అప్పులు, పాత సంబంధములు ఆ యింటివారినే అడుగుడి. మీ ఇరుపక్షములతో నేను కూర్చుండెదను." పెండ్లికి ముందు ఇద్దరును రక్తపరీక్ష చేయించుకొనుడని ప్రతి జంటకును చెప్పుట మంచిది, అందరికి చెప్పిన యెడల ఎవరిమీదను మచ్చ పడదు.

ఆ పెండ్లికుమారుడు తనకు హెచ్.ఐ.వి. ఉన్నదని ముందే పాస్టరునకు చెప్పుకొని యున్నయెడల? 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనున్న 2017 నాటి హెచ్.ఐ.వి. చట్టము, నమ్మి చెప్పిన ఆ సంగతిని అతని సమ్మతిలేక బయటపెట్టరాదనుచున్నది. పోక్సో చట్టము నోరు తెరువుమన్నచోట ఇది మూయుమనుచున్నది. అయితే ఆ పిల్ల ప్రాణమును ఇది గాలికి వదలలేదు. జతవారికి తెలుపు బాధ్యత అతనిమీదనే పెట్టినది. అతడు తెలుపడని తోచినప్పుడు వైద్యుడు గాని కౌన్సిలరు గాని అతనికి ముందుగా చెప్పి, కొన్ని నియమముల ప్రకారము, అతని జతవారికి తెలుపు త్రోవ ఉంచినది. కాబట్టి కాపరి అతనిని వెంటబెట్టుకొని ఆ కౌన్సిలరునొద్దకు పోవలెను. "ఆమెకు నీ నోట చెప్పువరకు నేను ప్రకటన చదువను" అని నిలువవలెను. చెప్పిన తరువాత, మందులు క్రమముగా వాడువారు క్షేమముగా సంసారము చేయవచ్చునని వైద్యులు తెలుపుదురు. ఆమె తెలిసి ఒప్పుకొనిన యెడల, ఆ సంగతి ఆ ఇద్దరి గుట్టు. మనకు దానితో పనిలేదు.

ఒక రకపు గుట్టును మాత్రము నేనెంతమాత్రమును గౌరవింపను: సంఘము పరువు అను గుట్టు. కానుకల లెక్కలో తేడా వచ్చినప్పుడు, హాస్టలులో పిల్లవాడు గాయపడినప్పుడు, "బయటికి పొక్కనీయకుడి, అన్యులయెదుట ప్రభువు నామము దూషింపబడును" అందురు. "ఇంటి గుట్టు లంకకు చేటు" అను సామెతయు వెంటనే వచ్చును. మన పొరుగువారి ఆ కథను నేనును చిన్ననాటినుండి వినినవాడనే. లంక చెడినది గుట్టు చెప్పుటవలననా, లంకలో చెరపట్టి దాచిన ఆ స్త్రీవలననా? యెహోషువ 7వ అధ్యాయములో ఆకాను పాతిపెట్టినది గుడారపు నేలలోనేగాని, ముప్పదియారుగురు చచ్చినది హాయి యొద్ద. గుట్టు అనునది నలిగినవారిని కాపాడుటకు ఇయ్యబడినది. పీఠములమీదనున్నవారు దానిని కప్పుకొనుటకు వచ్చినప్పుడు అది ఆ నలిగినవారి మీదనుండి లాగిన దుప్పటియే.

పౌలు మేనల్లుని కథతో ముగించెదను. దీనిని మనము పిల్లలకు సరిగా చెప్పుటలేదు. నలువదిమందికంటె ఎక్కువమంది పౌలును చంపువరకు అన్నపానములు ముట్టమని ఒట్టు పెట్టుకొనిరి. ఆ పిల్లవాడు అది వినెను. వీధిలో చాటలేదు, ఊరకుండలేదు. కోటలోనికి వెళ్లి పౌలుకు చెప్పెను. పౌలు శతాధిపతిని పిలిచి, ఈ చిన్నవానిని సహస్రాధిపతియొద్దకు తోడుకొనిపొమ్మనెనే గాని ఆ సంగతి యేమో శతాధిపతికైనను విప్పలేదు. సహస్రాధిపతి అతని చేయి పట్టుకొని అవతలికి తీసికొనిపోయి ఏకాంతముగా వినెను. నీవు నాకు తెలిపితివని ఎవరితోను చెప్పవద్దని పంపివేసెను. ఆ రాత్రియే తొమ్మిది గంటలకు ఇన్నూరుమంది సైనికులు, డెబ్బదిమంది గుఱ్ఱపురౌతులు, ఇన్నూరుమంది ఈటెలవారు పౌలును కైసరయకు తరలించుటకు సిద్ధపడిరి. సహస్రాధిపతి పేరు క్లౌదియ లూసియ అని లూకా వ్రాసెను. ఆ పిల్లవాని పేరు మాత్రము వ్రాయలేదు.